అర్చన గారి పాత్రలు: ‘దాసి’తో మొదలుపెట్టాలా, ‘వీడు’తోనా?

నాటకశాల విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదువుతున్నాను. వచ్చే నెల మా తరగతిలో ఎవరైనా ఒక సినీనటి పాత్రల గురించి నలభై నిమిషాల పాటు మాట్లాడవలసి ఉంది. తోటివాళ్లు షబానా ఆజ్మీ, స్మితా పాటిల్, నందితా దాస్ గార్ల పేర్లు ముందే తీసేసుకున్నారు. నేను అర్చన గారి పేరు చెప్పినప్పుడు తరగతిలో సగం మంది ‘లేడీస్ టైలర్’ అన్నారు, ఇద్దరు మాత్రం ‘దాసి’ అన్నారు, మిగిలినవాళ్లకు ఆ పేరే తెలియదు. తెలియనందుకే ఈ అంశాన్ని వదలకూడదని అనిపించింది.

నేను ఇంతవరకు ‘నిరీక్షణ’, ‘లేడీస్ టైలర్’, ‘దాసి’ మాత్రమే చూశాను. నాకు మూడు సందేహాలు ఉన్నాయి. ఒకటి, ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం రెండుసార్లు వచ్చిందని అందరూ రాస్తున్నారు కానీ, ‘వీడు’ సంవత్సరాన్ని కొందరు 1987 అని, కొందరు 1988 అని ఇస్తున్నారు. రెండు, ఆమెను సమాంతర సినిమా, అంటే వ్యాపార సూత్రాలకు దూరంగా తీసే సినిమా, నటి అని ఒక గదిలో పెట్టి మాట్లాడటం సరైనదేనా? మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ‘దాసి’లో ఆమె మాటలు చాలా తక్కువ. మాటలు లేని నటన గురించి నలభై నిమిషాలు మాట్లాడటం ఎలా? ఏ దృశ్యాన్ని ఆధారంగా తీసుకోవాలి? పెద్దలు దయచేసి దారి చూపగలరు.

సైట్ ఇంజినీరు, కొత్తపేట

మీ మొదటి సందేహం తేలికగానే తీరుతుంది. జాతీయ చలనచిత్ర పురస్కారాలకు లెక్కలోకి వచ్చేది సెన్సారు ధ్రువపత్రం అందిన సంవత్సరం, థియేటర్‌లో బొమ్మ పడిన సంవత్సరం కాదు. ‘వీడు’ 1987 సంవత్సరపు పురస్కారాలలో, అంటే 35వ వరుసలో నిలిచింది, జనం ముందుకు 1988లో వచ్చింది. ‘దాసి’ 1988 సంవత్సరానికి, 36వ వరుసకు చెందినది. వెంటవెంటనే రెండేళ్లు, రెండు భాషలలో, ఇద్దరు దర్శకుల చేతుల్లో ఆమెకు అదే పురస్కారం దక్కింది. ఆ రోజుల్లో దక్షిణాది నటీమణులకు మంచి కాలం నడిచింది. 1985కు ‘సింధుభైరవి’లో సుహాసిని గారికి, 1986కు ‘నఖక్షతంగళ్’లో మోనిష గారికి వచ్చాక, తరువాతి రెండేళ్లు అర్చన గారివి.

ఇక ‘వీడు’ గురించి. పేరు చూసి తెలుగువాళ్లు ‘ఎవడు వీడు’ అనుకుంటారు. తమిళంలో ఆ మాటకు ఇల్లు అని అర్థం. నేను ఇరవై రెండేళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. నా వృత్తి మీద ఇంత నిజంగా తీసిన సినిమా మరొకటి నా కంట పడలేదు కాబట్టి, కొంచెం ఎక్కువ రాస్తే మన్నించండి.

బాలు మహేంద్ర గారు ఇందులో చెప్పిన కథ ఒక్క వాక్యంలో అయిపోతుంది: మద్రాసులో ఉద్యోగం చేసుకునే సుధ అనే అమ్మాయి, తాతను, చెల్లెలిని వెంటబెట్టుకుని అద్దె ఇంటి నుంచి బయటపడటానికి ఒక చిన్న సొంత ఇల్లు కట్టుకోవాలనుకుంటుంది. కథ అంతే అయినా, స్థలం, ప్లాను, అనుమతి, అప్పు, కాంట్రాక్టరు, మధ్యలో వాన, ఇలా ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆ అమ్మాయి ముఖంలోని నమ్మకం కొద్దికొద్దిగా తరిగిపోతూ ఉంటుంది. అర్చన గారు ఆ తరుగుదలను ఎక్కడా ఏడుపుగా మార్చలేదు. డబ్బు లెక్క వేసుకునేటప్పుడు మనం అందరం చేసే పని, అంటే ఎదుటివాడు మాట్లాడుతూ ఉంటే వింటున్నట్టు ఉండి లోపల కూడికలు చేసుకోవడం, ఆమె ముఖంలో కనిపిస్తుంది. ఇల్లు కట్టించుకునే ఆడవాళ్ల ముఖాలను నేను సైట్ మీద ఎన్నోసార్లు చూశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

మీకు ఆధారంగా ఒక దృశ్యం కావాలన్నారు. సిమెంటు గొడవ తీసుకోండి. కాంట్రాక్టరు సిమెంటు బస్తాలను బయట అమ్ముకుంటున్నాడన్న సంగతిని అక్కడ పనిచేసే మంగమ్మ అనే కూలీ మనిషి బయటపెడుతుంది. సుధ అతన్ని నిలదీసినప్పుడు అతడు తప్పు ఒప్పుకోకపోగా నోరు పారేసుకుంటాడు. మరొక సినిమాలో అయితే ఆ క్షణంలో కథానాయిక పెద్ద ప్రసంగం చేసేది. ఇక్కడ సుధకు ఒక పక్క కోపం, మరొక పక్క ‘ఇతను పని ఆపేసి వెళ్లిపోతే నా స్లాబు సంగతేమిటి’ అన్న భయం ఉంటాయి. ఆ రెండూ ఒకే గొంతులో వినిపిస్తాయి. కట్టడం పని తెలిసినవాళ్లకు ఆ భయం ఎంత నిజమో తెలుస్తుంది. మధ్యలో ఆగిన ఇంటిని మరొక మేస్త్రీ సులభంగా చేపట్టడు, చేపట్టినా ముందటి వాడి పనిలో వంకలు చూపించి రేటు పెంచుతాడు.

తాతగా చేసిన చొక్కలింగ భాగవతార్ గారు సగం కట్టిన ఇంటిని చూడటానికి వచ్చే ఘట్టం గురించి నేను రాయను. మీరే చూడండి. ఆ నేపథ్యంలో వినిపించేది ఇళయరాజా గారు అంతకుముందే విడుదల చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’ సంగీతం. చివరకు ఆ స్థలమే నీటి సరఫరా సంస్థ వాళ్లు సేకరించిన స్థలమని తేలి, ఇల్లు కోర్టుకు చేరుతుంది. మన నగరంలో చెరువు శిఖం భూమి, అంటే చెరువు నీరు నిలిచే నేల, అని తెలియక ప్లాటు కొన్నవాళ్లు ఈ ముగింపును నెమ్మదిగా జీర్ణించుకోవలసి ఉంటుంది.

గడి పక్క ఇంటివాడు, హన్మకొండ నుంచి వచ్చి నల్లకుంటలో స్థిరపడినవాడు

అమ్మా, ఇంజినీరు గారు ‘వీడు’ చెప్పారు కాబట్టి నేను ‘దాసి’ చెబుతాను. నా వయసు డెబ్బై దాటింది. మా ఊళ్లో గడి, అంటే దొర ఉండే పెద్ద భవనం, ఉండేది. నేను పుట్టేనాటికి దొరల పెత్తనం ముగిసిపోయింది కానీ, గడిలో పనిచేసిన ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు బతికే ఉన్నారు. వాళ్లు ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లు కాదు. ఎవరైనా పిలిస్తే వెంటనే లేవగలిగేటట్టు ముందుకు వంగి, అరికాళ్ల మీద కూర్చునేవాళ్లు. పిలిచేవాళ్లు లేకుండా పోయి ముప్పై ఏళ్లయినా ఆ కూర్చునే తీరు మాత్రం మారలేదు. అర్చన గారి కమలాక్షిని మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ ముసలమ్మలే గుర్తుకు వచ్చారు.

ఆ వ్యవస్థ తెలియనిదే ఆ నటన అర్థం కాదు కాబట్టి నాలుగు మాటలు చెప్పవలసి ఉంది. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లో దొరల ఇళ్లలో వెట్టి చేసేవాళ్లు కులానికొకరు ఉండేవారు. వాళ్లకు తోడు, దొరసాని అత్తవారింటికి వచ్చేటప్పుడు అరణంగా, అంటే పుట్టింటివారి కానుకగా, వెంట పంపే ఆడపిల్లలు ఉండేవారు. వాళ్లను ఆడబాపలు అనేవారు. ఆ పిల్లకు పెళ్లి ఉండదు, కూలి ఉండదు, సొంత గది ఉండదు. పగలు దొరసానికి చాకిరీ చేయాలి, రాత్రి దొర పిలిస్తే వెళ్లాలి, అతిథి వస్తే అతని దగ్గరకూ పంపవచ్చు. ‘దాసి’ కథాకాలం 1920ల నాటిది. కమలాక్షి గర్భవతి అయినప్పుడు ఆ బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆమెది కాదు. ఆమె కడుపు ఆమెది కాదన్న సంగతి ఆమెకు చెప్పే సన్నివేశాల్లో అర్చన గారి ముఖాన్ని చూడండి. ఆమెకు ఆశ్చర్యం కూడా కలగదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది ఆ ఆశ్చర్యం లేకపోవడమే.

మాటలు లేని నటన గురించి ఏం చెప్పాలని మీరు అడిగారు. మాటలు లేవు కానీ పని ఉంది కదా. ఊడ్చే పని, మోసే పని, వంగే పని, ఎదురుచూసే పని. ఒక మనిషి తనకోసం చేసుకునే పనికి, మరొకరి కోసం భయంతో చేసే పనికి వేగంలో తేడా ఉంటుంది. మా అమ్మ ఇంట్లో వాకిలి ఊడ్చేటప్పుడు మధ్యలో ఆగి పక్కింటావిడతో మాట్లాడేది. కమలాక్షి ఆగదు. ఆమె నడక గోడ వెంటే సాగుతుంది, చూపు నేల మీదే ఉంటుంది, పిలుపు వినిపించగానే ముఖం కన్నా ముందు భుజాలు కదులుతాయి. ఈ చిన్న చిన్న సంగతులన్నీ మీరు రాసుకుని తరగతిలో చేసి చూపించండి. నలభై నిమిషాలు చాలవు.

‘దాసి’ దర్శకుడు బి. నర్సింగరావు గారు గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో భూస్వామ్య కుటుంబంలో పుట్టినవారు. తను లోపలి నుంచి చూసిన దానినే బయటపెట్టారు. ఆ సినిమాకు ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటి, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, దుస్తులు. ఛాయాగ్రహణం ఎ. కె. బీర్ గారిది. కళా దర్శకుడు తోట వైకుంఠం గారు, నుదుట పెద్ద బొట్టుతో నిండుగా ఉండే తెలంగాణ స్త్రీల బొమ్మలు గీసే ఆ వైకుంఠం గారే. ఆయన బొమ్మల్లోని స్త్రీలకు ఉండే ఠీవి ఈ గడిలోని స్త్రీకి లేదు. ఒకే ప్రాంతపు ఆడవాళ్లకు ఒకే మనిషి చూపిన ఈ రెండు ముఖాలను పక్కపక్కన పెట్టి చూడటం కూడా మీకు పనికొస్తుంది.

వంశీ అభిమాని, దిల్‌సుఖ్‌నగర్

పెద్దల మాటకు నేను అడ్డు చెప్పను కానీ, ‘లేడీస్ టైలర్’ను ఎవరూ పట్టించుకోకపోవడం న్యాయం కాదు. 1986లో వచ్చిన ఆ సినిమాలో అర్చన గారు సుజాత అనే టీచరు. చుట్టూ ఉన్న పాత్రలన్నీ నవ్వించడానికే పుట్టినట్టు ఉంటాయి. రాజేంద్రప్రసాద్ గారి సుందరం, తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయితో అదృష్టం కలిసివస్తుందని నమ్మి, ఆ పుట్టుమచ్చను వెతుక్కుంటూ అందరినీ బుట్టలో వేసుకుంటూ ఉంటాడు. ఆ గోలలో సుజాత ఒక్కతే నిజంగా ప్రేమిస్తుంది, నిజంగా మోసపోతుంది. ఆమె ఆ బాధను నిజం చేయకపోతే, చివరకు సుందరం మారాడంటే మనం నమ్మేవాళ్లం కాదు. హాస్యచిత్రంలో నవ్వించని పాత్రను నిలబెట్టడం తేలికైన పని కాదని నా అభిప్రాయం. ఆ తరువాత ముప్పై తొమ్మిదేళ్లకు, 2025లో, ‘షష్టిపూర్తి’లో అదే జంట మళ్లీ కలిసి కనిపించింది. సంగీతం అప్పుడూ ఇప్పుడూ ఇళయరాజా గారిదే. ఇటువంటి నటిని ఒక్క గదిలో పెట్టవద్దనేదే మీ రెండో ప్రశ్నకు నా జవాబు.

నాటకశాల విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ‘వీడు’ చూశాను. ఇంజినీరు గారు చెప్పిన సిమెంటు దృశ్యాన్ని ఆపి ఆపి నాలుగుసార్లు చూశాను. నల్లకుంట తాతగారూ, మీరు చెప్పిన ‘ముఖం కన్నా ముందు భుజాలు’ అన్న మాటను నా నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ఆ మాటను మీ పేరు లేకుండా తరగతిలో వాడుకోవచ్చా?

మరొక ప్రశ్న కలిగింది. రెండుసార్లు జాతీయ పురస్కారం పొందిన మనిషి 1990ల తరువాత ఇంత తక్కువగా ఎందుకు కనిపించారు? పెళ్లి, ఇష్టాయిష్టాలు వంటి సొంత సంగతుల జోలికి నేను పోదలచుకోలేదు. ఆ కాలపు సినిమా పరిశ్రమ నుంచి ఏమైనా కారణం చెప్పగలరా?

పాత ఫిల్మ్ క్లబ్ సభ్యుడు, హిమాయత్‌నగర్

మీరు ప్రశ్నను సరైన చోట నిలిపారు. ఎవరి సొంత జీవితంలోనూ కారణాలు వెతకనవసరం లేదు. అటువంటి సినిమాలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో చూస్తే చాలావరకు తెలుస్తుంది. 1960లో పెట్టిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, అది 1980లో కలిసిపోయిన ఎన్.ఎఫ్.డి.సి. (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ), ఆ తరువాత దూరదర్శన్, ఈ మూడింటి నీడలోనే తక్కువ ఖర్చు సినిమా బతికింది. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రం వచ్చేది. మలయాళం రాని మా ఇంట్లో అన్నం తిన్నాక అందరూ కూర్చుని, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను మా అన్నయ్య పైకి చదువుతూ ఉంటే ‘పిరవి’ చూశాం. 1990ల మొదట్లో ఉపగ్రహ ఛానెళ్లు వచ్చాక ఆ ఆదివారపు ప్రేక్షకులు చెదిరిపోయారు. ప్రేక్షకులతో పాటు ఆ సినిమాలకు డబ్బు పెట్టేవాళ్లూ చెదిరిపోయారు. అక్కడి పాత్రలకు అలవాటుపడిన నటీనటులు ఒక్కసారిగా నిరుద్యోగులైనట్టు అయింది.

‘పిరవి’ పేరు వచ్చింది కాబట్టి అది కూడా మీ జాబితాలో చేర్చుకోండి. షాజీ ఎన్. కరుణ్ గారి మొదటి చిత్రం అది. అత్యవసర పరిస్థితి రోజుల్లో పోలీసులు పట్టుకుపోయిన కొడుకు కోసం ఒక ముసలి తండ్రి ఎదురుచూస్తూ ఉంటాడు. ఆ కొడుకు అక్క మాలతిగా అర్చన గారు నటించారు. తమ్ముడు ఇక రాడన్న సంగతి ఆమెకు ముందే తెలిసిపోతుంది, తండ్రికి చెప్పలేదు. 36వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ చిత్రం ‘పిరవి’, ఉత్తమ నటుడు అందులో తండ్రిగా చేసిన ప్రేమ్‌జీ గారు, ఉత్తమ నటి ‘దాసి’కి అర్చన గారు. ఒకే ఏడాది పురస్కారాలలో రెండు భాషల రెండు గొప్ప సినిమాల్లోనూ ఆమె ఉన్నారన్న సంగతిని మన పత్రికలు కూడా అరుదుగా గుర్తు చేస్తాయి.

వంశీ అభిమాని, దిల్‌సుఖ్‌నగర్

డబ్బు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను. వ్యాపార సినిమా ఆమెను కథానాయికగా ఎందుకు కొనసాగించలేదు? తెలుగువాళ్లు తమ వంటి ఛాయ ఉన్న అమ్మాయిని తెర మీద చూడటానికి ఇష్టపడరు, అందుకే. ‘నిరీక్షణ’లో ఆమెను కొండ పిల్లగా చూపిస్తే పాటలతో సహా నెత్తిన పెట్టుకున్నాం. పట్నం అమ్మాయిగా, పెద్దింటి అమ్మాయిగా మాత్రం ఎందరు చూపించారు? తిరిగి వచ్చేసరికి తల్లి పాత్రలు సిద్ధంగా ఉన్నాయి. 2007లో తమిళంలో ధనుష్ గారికి తల్లి, 2022లో ‘చోర్ బజార్’లో ఆకాశ్ పూరి గారికి తల్లి.

పాత ఫిల్మ్ క్లబ్ సభ్యుడు, హిమాయత్‌నగర్

మీ కోపంలో నిజం ఉంది, నేను దాన్ని తీసివేయను. కానీ మేకప్ వేసి రంగు మార్చడం పరిశ్రమకు ఎప్పుడూ కష్టం కాదు. రంగు మార్చినా, ఆ ముఖంతో చెప్పదగిన కథ రాసేవాళ్లు తెలుగులో ముగ్గురు నలుగురికి మించి లేరు. తెలుగు చిత్రానికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం మొదట 1978కి ‘నిమజ్జనం’లో శారద గారికి వచ్చింది, తరువాత పదేళ్లకు అర్చన గారికి, మరో రెండేళ్లకు ‘కర్తవ్యం’తో విజయశాంతి గారికి. అక్కడి నుంచి 2018 నాటి ‘మహానటి’ దాకా, కీర్తి సురేశ్ గారి దాకా, మళ్లీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు! అంతకాలం పాటు మన దగ్గర నటీమణులు లేరని అనలేం కదా. పాత్రలు రాయలేదు.

సైట్ ఇంజినీరు, కొత్తపేట

ఈ వాదన మంచిదే కానీ, విద్యార్థిని గారికి ఇంకా ఒక సినిమా చెప్పడం మరిచిపోతున్నాం. ‘మట్టి మనుషులు’, 1990. నర్సింగరావు గారిదే. పల్లెలో బతుకు లేక హైదరాబాద్‌కు వచ్చి, కట్టడాల దగ్గర కూలికి కుదిరిన కుటుంబాల కథ. అందులో అర్చన గారు కూలీ స్త్రీ. ఇప్పుడు ఆలోచించండి. ‘వీడు’లో ఆమె ఇల్లు కట్టించుకునే మనిషి, ఇసుక ఎంత వచ్చింది, సిమెంటు ఎక్కడికి పోయింది అని లెక్క చూసుకునే మనిషి. రెండేళ్ల తరువాత అదే నటి, నెత్తిన తట్టతో, ఎప్పటికీ తను ఉండబోని ఇంటికి మట్టి మోసే మనిషి. ‘వీడు’లో మంగమ్మ నిలబడిన చోట ఇక్కడ ఆమె నిలబడింది.

ఆ రెండు నడకలను పక్కపక్కన చూపించండి. సొంతదారు సైట్ మీద ఎప్పుడూ పైకి చూస్తూ నడుస్తారు, గోడ ఎంత లేచిందో అని. తట్ట మోసేవాళ్లు మెడ కదపకుండా, అడుగు ఎక్కడ పడుతుందో పాదంతోనే తెలుసుకుంటూ నడుస్తారు. పాలమూరు నుంచి వచ్చే కూలీ అమ్మలను రోజూ చూసేవాడిని కాబట్టి, ఆమె మెడ సరిగ్గా నిలిచిందా లేదా అని నేను పట్టి పట్టి చూశాను. నిలిచింది. తెల్లవారి ఆరున్నరకు, కూలీలు పని కోసం నిలబడే ఏ అడ్డా దగ్గరకు వెళ్లినా మీకు ఆ మెడలు కనిపిస్తాయి. పోలిక కోసం ఒకసారి వెళ్లి చూసి రండి.

గడి పక్క ఇంటివాడు, నల్లకుంట

ఆ మాటను వాడుకో అమ్మా, పేరు అవసరం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. కమలాక్షిని చూపించేటప్పుడు తరగతిలో ఎవరైనా ‘పాపం’ అంటారు. అన్నవాళ్లను ఆమె చేసే పనిని ఒక ఐదు నిమిషాలు చేయమను, ముంగాళ్ల మీద కూర్చోమను. కాళ్లు తిమ్మిరెక్కాక మాట్లాడండి.

నాటకశాల విద్యార్థిని, హైదరాబాద్

తాతగారూ, ఇంజినీరు గారూ, నా వరుస కుదిరింది. ‘వీడు’లోని సిమెంటు గొడవతో మొదలుపెట్టి, ‘మట్టి మనుషులు’లోని తట్ట మీదుగా, ‘దాసి’ దగ్గర ఆపుతాను. ‘లేడీస్ టైలర్’ను మధ్యలో ఐదు నిమిషాలు తప్పకుండా చూపిస్తాను, దిల్‌సుఖ్‌నగర్ అన్నయ్య నిశ్చింతగా ఉండవచ్చు. రేపు తెల్లవారి మా స్నేహితురాలిని వెంటబెట్టుకుని అడ్డా దగ్గరకు వెళ్తున్నాం. ఫోటోలు తీయము, చూసి వస్తాం. ‘మట్టి మనుషులు’ స్పష్టమైన ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా నగరంలో ఎక్కడైనా ప్రదర్శిస్తున్నట్టు తెలిస్తే, ఇరవయ్యో తేదీ లోపల ఇక్కడ చెప్పగలరు.